పాత పట్టుచీరతో సంచులు: ఏది కోయాలి, ఎలా కుట్టాలి, ఎంతకు అమ్మాలి

బీరువా అడుగున ఏళ్ల తరబడి మడత విప్పకుండా ఉండిపోయిన పట్టుచీరలు రెండు రకాలు. కొన్ని ఇంకా కట్టుకోవచ్చు. కొన్ని మడతల వెంట చీలిపోయి, కట్టుకోబోతే చేతిలోనే చిరుగుతాయి. ఈ రెండో రకంలో బలం తగ్గని భాగాలు మాత్రమే మన ముడిసరుకు. మొదటి రకాన్ని దయచేసి కోయకండి. ఒకటి రెండు చోట్ల చిరిగిన చీరను రఫ్ఫు చేయించవచ్చు. ఫాల్ దగ్గర మాత్రమే పాడైతే పాత ఫాల్ విప్పి, సన్నటి పట్టీ వేసి, కొత్త ఫాల్ కుట్టుకోవచ్చు. నేతగాళ్లు రోజుల తరబడి కూర్చుని నేసిన చీర అది. నిండు చీరగా బతికే అవకాశం ఉన్నంతవరకు దాన్ని బతకనివ్వాలి. వ్యాపారం లెక్కన చూసినా అంతే: మంచి చేనేత చీరకు చీరగా పలికే ధర, సంచులుగా కోస్తే చాలాసార్లు రాదు.

సరుకు మొదట దొరికేది బంధువుల ఇళ్లలోనే. పాతబట్టలకు స్టీలు సామాన్లు ఇచ్చేవాళ్ల దగ్గర కూడా అడగండి. వీధుల్లో "పాత పట్టుచీరలు కొంటాం" అని తిరిగేవాళ్లు చూసేది పట్టును కాదు, జరీలోని వెండిని. వాళ్లు మంచి ధర చెప్పారంటే ఆ అంచులో అసలు జరీ ఉండే అవకాశం ఉందని గుర్తుంచుకుని, ముందు మీరే పరీక్ష చేసుకోండి.

కొనేముందు చూడవలసినవి

చీరను పూర్తిగా విప్పి కిటికీకి అడ్డంగా పట్టుకోండి. మడతల గీతల వెంట సూదిమొనల్లా వెలుతురు చుక్కలు కనిపిస్తే అక్కడ దారాలు తెగడం మొదలైందన్నమాట. తర్వాత బొటనవేళ్ల పరీక్ష. అంగుళం గుడ్డను రెండు బొటనవేళ్ల మధ్య పట్టుకుని మెల్లగా పక్కలకు లాగండి. ఒకసారి పడుగు (నిలువు దారాల) వైపు, ఒకసారి పేక (అడ్డు దారాల) వైపు. గట్టి పట్టు సాగినట్టు అనిపించి ఆగుతుంది. జీర్ణించిన పట్టు చిన్న చప్పుడుతో విడిపోతుంది. చీర మధ్యలో ఒకచోట, పైటచెంగులో ఒకచోట, నడుం దగ్గర దోపుకునే భాగంలో రెండు చోట్ల ఇలా చూడాలి. నడుం భాగం చెమట పీల్చుకుని ఉంటుంది కాబట్టి మిగతా చీర బాగున్నా అక్కడ పాడై ఉంటుంది. వెలుతురు తగిలేలా గాజు బీరువాలో పెట్టిన చీర అయితే బయటికి కనిపించిన మడత ఒక్కటే రంగు వెలిసి, బలం పోయి ఉంటుంది.

పట్టా, పాలిస్టరా అన్న అనుమానం వస్తే చెంగు కుచ్చు నుంచి ఒక దారం లాగి కాల్చి చూడండి. పట్టు మెల్లగా కాలి, జుట్టు కాలిన వాసన వస్తుంది, బూడిద వేళ్ల మధ్య పొడి అవుతుంది. పాలిస్టర్ కరిగి గట్టి గుండు కడుతుంది. పడుగు, పేక రెండు వైపులా దారాలు తీసి చూడాలి. ఒకటి పట్టు, ఒకటి కలగలుపు నూలు ఉన్న చీరలు చాలా ఉన్నాయి.

ముట్టుకుంటేనే పొడి రాలే చీరను ఎంత చవకగా ఇచ్చినా వదిలేయండి. వెనక ఫ్యూజింగ్ (ఇస్త్రీ వేడికి అతుక్కునే పలుచటి గుడ్డ) అతికిస్తే నిలబడుతుందనుకుంటారు. నిలబడదు. ఫ్యూజింగ్ గుడ్డ అలాగే ఉంటుంది, పైన పట్టు పొరలు పొరలుగా రాలిపోతుంది. అలాంటి చీరలో ఒక నెమలో, రుద్రాక్ష అంచో బాగుంటే ఆ ముక్కను అద్దం వెనక పటం కట్టించవచ్చు. బరువు మోసే సంచికి పనికిరాదు.

జరీ సంగతి

చెంగు కోతచివర నుంచి ఒక జరీ పోగు తీసి, గోరుతో గీకి పైన చుట్టిన రేకును విప్పండి. లోపల ఎరుపు లేదా పసుపు రంగు వేసిన పట్టుదారం ఉంటే అసలు జరీ కావచ్చు. నూలో, పాలిస్టరో ఉంటే కాదు. తర్వాత పోగుల గుత్తిని నల్లటి గరుకు రాయి మీద గట్టిగా రుద్దండి. తెల్లటి గీత పడితే వెండి, ఎర్రటి గీత పడితే రాగి. దుకాణాల్లో టెస్టెడ్ జరీ అని అమ్మేది ఈ రాగి రకమే. మంట దగ్గర పెట్టగానే ముడుచుకుని కరిగిపోతే అది ప్లాస్టిక్ పొర. ఇస్త్రీ వేడికి కూడా అది ముడతలు పడుతుంది కాబట్టి ఈ సంగతి ముందే తెలియాలి. కచ్చితంగా తెలియాలంటే కొద్ది పోగులు కంసాలి దగ్గర చూపించండి.

అసలు జరీ అంచులను సంచులకు వాడకండి. వేరుగా దాచి, తూకం రాసిపెట్టుకోండి. వాటిని పటాలకో, ఖరీదైన ఒక్కో వస్తువుకో వాడవచ్చు, లేదా చీర ఇచ్చినవాళ్లకు తిరిగి ఇవ్వవచ్చు. వెండి గంధకం తగిలితే నల్లబడుతుంది. అందుకే జరీని రబ్బరు బ్యాండుతో కట్టకూడదు, రబ్బరు జిగురుతో అతికించకూడదు. నాఫ్తలీన్ గోళీలు నేరుగా తగిలినా రంగు మారుతుంది. నల్లబడిన జరీని నిమ్మకాయతోనో, చింతపండుతోనో, పళ్లపొడితోనో తోమితే పైపూత పోతుంది, పక్కనున్న పట్టు మీద మరక మిగులుతుంది. మెత్తటి బ్రష్‌తో దుమ్ము దులపడం ఒక్కటే క్షేమం. కాస్త మసకబారిన జరీకే పాత వస్తువుకు తగిన అందం ఉంటుంది.

శుభ్రం చేయడం

ముందు ఫాల్, చెంగు కుచ్చులు విప్పేయండి. తడి తెల్లగుడ్డను ప్రతి రంగు మీద అర నిమిషం అదిమి పట్టండి. రంగు అంటితే నీళ్లలో వేయకూడదు, డ్రైక్లీనింగ్‌కే ఇవ్వాలి. అంటకపోతే కుంకుడుకాయల రసంలో నీళ్లు బాగా కలిపి పలచగా చేసి, పిండకుండా, మెలితిప్పకుండా ముంచి తీయండి. రెండుసార్లు మామూలు నీళ్లలో జాడించి, తువ్వాలులో చుట్టి నీరు పీల్పించి, నీడలో తిరగేసి, వెనకవైపు పైకి వచ్చేలా ఆరేయాలి. ఒకచోటే తడిపి మరక తుడిస్తే పట్టు మీద నీటి వలయం పడుతుంది. కాబట్టి తడిపితే మొత్తం తడపాలి, లేదంటే అసలు తడపకూడదు.

చీర రకం కూడా తెలిసి ఉండాలి. గద్వాల చీరలో చాలావరకు నడిమి భాగం నూలు, అంచు, పైటచెంగు పట్టు. నూలు తడిస్తే కుంచించుకుంటుంది, పట్టు అంతగా కుంచించుకోదు, అంచు అలలు అలలుగా లేస్తుంది. అందుకే కోయకముందే తడిపి ఆరబెట్టాలి. అంచు, నడిమి కలిసే గీత దగ్గర బరువు పడే కుట్టు రాకుండా చూసుకోండి. ఉప్పాడ జాందానీలో పూలను అదనపు పేకతో చేత్తో ఎక్కిస్తారు. పువ్వు మధ్యలో కోస్తే ఆ పోగులు ఊడి వస్తాయి. పువ్వు నిండుగా వచ్చేలా కోయండి, లేదా వెనక ఫ్యూజింగ్ అతికించాకే కోయండి. పోచంపల్లి ఇక్కత్ పట్టుకు రంగు పరీక్ష తప్పనిసరి. ఆ చీరల్లో చాలాసార్లు ముదురు రంగులు పక్కపక్కనే ఉంటాయి. ధర్మవరం, కంచి చీరల బరువే వాటికి శత్రువు: మడత పడ్డచోటే మళ్లీ మళ్లీ మడిచి పెడితే అక్కడే ముందుగా విరుగుతాయి.

కోత లెక్క

ఇక్కడ చెప్పేది తాడు లాగితే మూతి మూసుకునే సంచి. పసుపుకుంకుమలు, జాకెట్టు ముక్క, చిన్న కానుక పట్టేంత పరిమాణం. ఒక్కో సంచికి పైగుడ్డ 9 అంగుళాల వెడల్పు, 11 అంగుళాల ఎత్తున్న ముక్కలు రెండు. అదే కొలతలో లైనింగ్ ముక్కలు రెండు. కొబ్బరికాయ కూడా పెట్టాలంటే 11, 13 అంగుళాలు తీసుకుని అడుగు మూలల అడ్డగీత (కింద 'కుట్టు' భాగంలో చెప్పింది) 3 అంగుళాలు వేయండి.

ఐదున్నర మీటర్ల చీర సుమారు 216 అంగుళాలు. పైటచెంగు 36 అంగుళాలు పక్కన పెడితే 180 మిగులుతుంది. 45 అంగుళాల పన్నా (గుడ్డ వెడల్పు) అనుకుంటే, అంచు సంచి అడుగుకు వచ్చేలా రెండు వైపులా 20 చొప్పున 40 ముక్కలు, మధ్యలో మిగిలే 23 అంగుళాల్లో రెండు వరుసలుగా మరో 40 ముక్కలు. కాగితం మీద 40 సంచులు. పాత చీరలో మడతలు, మరకలు తీసేస్తే 22 నుంచి 26 వస్తే బాగా వచ్చినట్టే. లెక్కకు 24 వేసుకోండి.

అంచు వెడల్పు 3 అంగుళాలకు తక్కువైతే అడుగున పెట్టకండి. కుట్టుకు అర అంగుళం, అడుగు మూలలకు ఒక అంగుళం పోయాక అంచు కనిపించేది చాలా తక్కువ. సన్న అంచును విడిగా కోసి, తాడు గొట్టానికి అర అంగుళం కింద పట్టీగా కుట్టండి.

కోసే ముందే ఫ్యూజింగ్ అతికించాలి. ఎక్కువమంది తిరగేసి చేస్తారు, ముందు కోసి తర్వాత అతికిస్తారు. పట్టు జారి ముక్కలు వంకరపోతాయి, అంచులు పోగులు లేస్తాయి. చీరలో మంచి భాగాలకు సుద్దతో గీత గీసి, గజం ముక్కలుగా విడదీసి, వెనక పలుచటి నేత ఫ్యూజింగ్ పరిచి, మీద నూలు గుడ్డ వేసి, ఇస్త్రీపెట్టెను రెండు చుక్కల గుర్తు దగ్గర పెట్టిన వేడిలో 10 నుంచి 12 సెకన్లు అదిమి ఎత్తి పక్కన పెట్టండి. అటూ ఇటూ రుద్దకూడదు. చల్లారాక మూల పట్టి లాగితే ఊడకూడదు. ఊడితే వేడో, సమయమో చాలలేదు. బుడగలు వస్తే వేడి అన్నిచోట్లా సమంగా తగలలేదు, లేదా ఫ్యూజింగ్ తర్వాత కుంచించుకుంది. గట్టి బక్రం (కాలర్లకు వేసే బిరుసు గుడ్డ) వాడకండి. సంచి మూతి కుచ్చుగా ముడుచుకోదు.

24 సంచులకు 44 అంగుళాల పన్నా పాప్లిన్ లైనింగ్ 3 మీటర్లు, అంతే ఫ్యూజింగ్ చాలు. పసుపు మరక తెలియకుండా ముదురు రంగో, పసుపు రంగో లైనింగ్ తీసుకోండి. లైనింగ్ కూడా రంగు దిగనిదై ఉండాలి, ముందే తడిపి ఆరబెట్టాలి.

కుట్టు

11 నంబరు కొత్త సూది, పాలిస్టర్ దారం, కుట్టు పొడవు రెండున్నర మిల్లీమీటర్లు. కుట్టు మరీ సన్నగా వేస్తే రంధ్రాలు దగ్గరదగ్గరగా పడి పాత పట్టు ఆ గీత వెంటే చిరుగుతుంది. లోహపు జరీ సూదిని మొద్దు చేస్తుంది కాబట్టి చీరకో సూది మార్చండి. జరీ కోయడానికి వేరే కత్తెర ఉంచుకోండి. గుండుసూదుల రంధ్రాలు పట్టులో అలాగే నిలిచిపోతాయి. క్లిప్పులు వాడండి, లేదా కుట్టు పోయే మార్జిన్‌లోనే కచ్చా కుట్టు వేయండి.

పైగుడ్డ ముక్కలు రెండూ మంచివైపులు ఎదురెదురుగా పెట్టండి. రెండు పక్కలా పైఅంచు నుంచి రెండున్నర, మూడున్నర అంగుళాల దగ్గర గుర్తు పెట్టి, ఆ ఒక్క అంగుళం వదిలేసి, మిగతా పక్కలు, అడుగు అర అంగుళం మార్జిన్‌తో కుట్టండి. వదిలిన ఖాళీకి రెండు చివర్లా దారం వెనక్కి తిప్పి గట్టి చేయాలి. తాడు లాగే ఒత్తిడంతా అక్కడే పడుతుంది. అడుగు మూలను పక్క కుట్టు మీదికి చదునుగా నొక్కి, మూల నుంచి ఒక అంగుళం లోపల, 2 అంగుళాల అడ్డగీత కుట్టి, చివర కోసేయండి. రెండో మూల కూడా అంతే. దాంతో సంచి నేల మీద నిలబడుతుంది.

లైనింగ్‌ను కూడా ఇలాగే కుట్టండి, పక్కల ఖాళీ అవసరం లేదు. అడుగున మాత్రం 4 అంగుళాలు వదిలేయాలి. లైనింగ్ మార్జిన్ అర అంగుళం కంటే నూలుపోగంత ఎక్కువ తీసుకుంటే లోపల వదులుగా ముడతలు పడదు.

పైసంచిని మంచివైపు బయటికి తిప్పి, లైనింగ్ సంచిలోకి దూర్చండి. మంచివైపులు కలవాలి, పక్క కుట్లు ఎదురెదురుగా రావాలి. మూతి చుట్టూ అర అంగుళం మార్జిన్‌తో కుట్టి, అడుగు ఖాళీలోంచి బయటికి తిప్పి, ఆ ఖాళీని మూసేయండి. లైనింగ్‌ను లోపలికి నెట్టి మూతి అంచున ఒక కుట్టు వేయండి. తర్వాత మూతి నుంచి 2 అంగుళాల దగ్గర, 3 అంగుళాల దగ్గర చుట్టూ రెండు కుట్లు వేస్తే తాడు గొట్టం తయారు. పక్కన వదిలిన ఖాళీ సరిగ్గా ఈ రెండు గీతల మధ్యకు రావాలి. రాకపోతే మొదటి గుర్తులు తప్పాయన్నమాట.

తాళ్లు రెండు, ఒక్కోటి 26 అంగుళాలు. ఒకటి ఎడమ ఖాళీలో దూరి చుట్టూ తిరిగి ఎడమవైపే బయటికి రావాలి, రెండోది కుడివైపు అలాగే. సేఫ్టీపిన్నుతో దూర్చి, చివర పూస ఎక్కించి ముడి వేయండి. నైలాన్ తాడు చివర కాల్చి అంటించవచ్చు, నూలు తాడుకు ముడి చాలు.

మిగిలిన ముక్కల్లో 2 అంగుళాల వెడల్పున్నవి గుమ్మం తోరణాలకు, సన్నవి జుట్టు రబ్బరు బ్యాండ్ల తొడుగులకు, గుండీ సైజువి జుంకీలకు. పైటచెంగును మాత్రం ముక్కలు చేయకండి. దిండు గలేబుగా గాని, బల్ల మీద పరిచే పట్టీగా గాని ఒకే ముక్కగా ఉంచితే చీర గుర్తు నిలుస్తుంది, ధర కూడా ఎక్కువ వస్తుంది.

ధర

ఉదాహరణకు చీర 800, శుభ్రం చేయించడానికి 250, మొత్తం 1050 రూపాయలు. 24 సంచులకు పంచితే ఒక్కోటికి సుమారు 44. లైనింగ్, ఫ్యూజింగ్ 30, తాళ్లు, పూసలు 14, దారం, సూది, కరెంటు 4, కవరు 8. పని 40 నిమిషాలకు, గంటకు 90 చొప్పున, 60. మొత్తం 160. విడిగా అమ్మితే దీనికి రెట్టింపు, 320. యాభైకి పైగా ఆర్డరైతే ఒకటిన్నర రెట్లు, 240. మీ ఊరి రేట్లు వేసి లెక్క మార్చుకోండి, కానీ మీ కూలిని మాత్రం లెక్కలోంచి తీయకండి. ఇంట్లో ఖాళీగా ఉన్నప్పుడు కుట్టిందే కదా అని 160కే అమ్మేవాళ్లు పక్కన మరో కుట్టుమనిషిని పెట్టుకోవలసి వచ్చిన రోజున నష్టపోతారు.

పెద్ద ఆర్డర్ల దగ్గర ఒక ఇబ్బంది ఉంది. పెళ్లివాళ్లు వంద సంచులు ఒకేలా కావాలంటారు. పాత చీరల్లో వంద ఒకేలా రావు. వచ్చేలా చేస్తామని ఒప్పుకుని చివర్లో కొత్త గుడ్డ కలిపేవాళ్లున్నారు. అది మోసం. పరిమాణం, లైనింగ్, తాడు ఒకేలా ఉంచి, పైగుడ్డ మాత్రం కలగలుపుగా వస్తుందని ముందే చెప్పి, ఆరు నమూనాల ఫొటో పంపి ఒప్పించండి. కొందరు ఒప్పుకోరు, పరవాలేదు.

ఇంకో సంగతి కూడా దాచకూడదు. శుభకార్యంలో కట్టివిడిచిన గుడ్డ ఇవ్వకూడదని పట్టింపు ఉన్న ఇళ్లు చాలా ఉన్నాయి. పాత చీరతో చేసిందని చీటీ మీద, ఫొటో కింద, మాటలో, మూడుచోట్లా చెప్పండి. అలాంటి పట్టింపు ఉన్నవాళ్లకు తాంబూలానికి కాకుండా నగల సంచిగానో, ఫోన్ సంచిగానో చూపించండి. తడి తమలపాకులు, అరటిపండ్లు నేరుగా పెడితే మరక పడుతుందని కూడా చెప్పాలి.

చీటీ మీద "పాత గద్వాల చీరతో చేసినది" అని రాయవచ్చు. "గద్వాల సంచి" అని రాయకండి. గద్వాల, పోచంపల్లి, ఉప్పాడ, వెంకటగిరి, ధర్మవరం పేర్లకు భౌగోళిక గుర్తింపు ఉంది, అంటే ఆ ప్రాంతపు నేతకే ఆ పేరు చెల్లుతుంది. అసలు పట్టు అని చూపే సిల్క్ మార్క్ చీటీ కేంద్ర పట్టు మండలి వ్యవస్థ కింద అనుమతి పొందినవాళ్లు వాడేది. పాత చీర మీద కనిపించిన చీటీని తీసి సంచికి తగిలించకూడదు. జరీ పరీక్ష చేయించకుండా అసలు జరీ అనకూడదు. "ఉతకరాదు, పొడి గుడ్డతో తుడవండి" అన్న మాట తప్పక ఉండాలి.

ఎక్కడ, ఎప్పుడు

శ్రావణమాసం వరలక్ష్మీ వ్రతం, దసరా బొమ్మల కొలువు, సంక్రాంతి పేరంటాలు, మాఘ ఫాల్గుణాల పెళ్లిళ్లు: వీటికి రెండు నెలల ముందే సరుకు సిద్ధంగా ఉండాలి. హైదరాబాద్ మాదాపూర్ శిల్పారామంలోనో, మీ ఊరి చేతిపనుల ప్రదర్శనలోనో స్టాలు తీసుకుంటే అద్దెను సంచి లాభంతో భాగించి, ఎన్ని అమ్మితే అద్దె తీరుతుందో ముందే చూసుకోండి. ఫోన్లో అమ్మేటప్పుడు ఫొటో కిటికీ పక్కన పగటి వెలుతురులో తీయాలి. ఫ్లాష్ వేస్తే జరీ తెల్లగా పోతుంది, రంగు మారుతుంది. మరక ఉంటే అదే దగ్గరగా ఒక ఫొటో. విదేశాల్లోని తెలుగువాళ్లకు సంచి తేలిక కావడం కలిసొస్తుంది, పూసలు మాత్రం గాజువి కాకుండా చెక్కవి పెట్టండి. జీఎస్‌టీ నమోదు పరిమితి సరుకులకు ఆంధ్రప్రదేశ్‌లో ఏడాదికి 40 లక్షలు, తెలంగాణలో 20 లక్షలు. పక్క రాష్ట్రానికి పంపేటప్పుడు నియమాలు వేరు కాబట్టి మొదటి పార్శిల్‌కు ముందే ఆడిటరును అడగండి.

వాళ్ల చీర, మీ కుట్టు

అమ్మదో, అమ్మమ్మదో చీర తెచ్చి సంచులు చేసిపెట్టమనేవాళ్లు క్రమంగా ఎక్కువవుతారు. చీర ఖర్చు లేదు కాబట్టి ధర తగ్గుతుంది, బాధ్యత పెరుగుతుంది. చీర మొత్తం పరిచి, చిరుగులతో సహా వాళ్ల ముందే ఫొటోలు తీయండి. ఎన్ని వస్తాయో మాట ఇవ్వకండి, "సుమారు" అనండి. కోసే చోట సుద్దగీతలు గీసి, ఆ ఫొటో వాట్సాప్‌లో పంపి, "కోయండి" అన్న జవాబు వచ్చాకే కత్తెర పెట్టండి. మొదట ఒక్క సంచి కుట్టి చూపించండి. అక్కడ మనసు మారితే చీర ఇంకా చాలావరకు మిగిలే ఉంటుంది. పని అయ్యాక తుక్కు ముక్కలు, జరీ అంచులు, విప్పిన ఫాల్ అన్నీ ఒక కవరులో వేసి, మీద వాళ్ల పేరు, తేదీ రాసి సంచులతో పాటే ఇచ్చేయండి. అడగలేదు కదా అని ఏదీ ఉంచుకోకండి.